మా అవ్వ బయట చేరిన రోజు

మా అవ్వ, అంటే మా నాయనను కన్న తల్లి, డెబ్బయ్యేళ్ళు దాటిన తరువాత ఒకసారి బయట చేరింది. ఇది ఎవరో గుసగుసలాడితే తెలిసిన సంగతి కాదు. ఉడుకుతున్న బెల్లం పెనం పక్కన నిలబడి, నలుగురు మగవాళ్ళ ముందు తనే గట్టిగా చెప్పింది. ఊరంతా నెల రోజులు ముక్కున వేలేసుకుంది. అసలు ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఆ ముగ్గురిలో వాగుడుకాయను నేనొక్కతినే కాబట్టి, చెప్పే పని నా మీద పడింది.

మా ఊరు చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో ఉంది. అవి యుద్ధం రోజులు. బస్సులు బొగ్గు పొగతో నడిచేవి, గుడ్డ కంట్రోలులో దొరికేది. మా ఇంట్లో కరువు లేనిది చెరుకు ఒక్కటే. రెండు ఎద్దులు తిప్పే ఇనుప గానుగ, దాని పక్కన పొయ్యి మీద మనిషి పడుకోగలిగినంత పెనం. ఏడాదిలో మూడు నెలలు మా జుట్టుకు కూడా బెల్లం వాసనే.

నేను అయిదో క్లాసు దాకా చదివాను. పెద్దమనిషిని కాగానే మా నాయన పలకను అటక మీద పెట్టేశాడు. బడి అయ్యవారు సంతోషించే ఉంటాడు. ఆయన నడక, ఆయన దగ్గు, ముక్కుపొడుం పీల్చి తుమ్మబోయి ఆగిపోవడం, అన్నీ పిల్లలకు చేసి చూపించేదాన్ని. బడి మానేశాక ఆ విద్యంతా ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగించాను.

బయట చేరిన ఆడవాళ్ళకు పశువుల కొట్టాన్ని ఆనుకుని ఒక చిన్న వసారా ఉండేది. దాని మట్టిగోడే అవ్వ పలక. చేరిన రోజు ఒక బొగ్గు గీత, రెండో రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. నాలుగో రోజు పొద్దున బావి దగ్గర తలకు పోసుకుని ఇంట్లోకి రావాలి. పై వరస అమ్మది, మధ్య వరస నాది, వదిన కాపురానికి వచ్చాక కింది వరస ఆమెది. ఒక గీత తక్కువైనా అవ్వ గడప తొక్కనిచ్చేది కాదు. బెల్లం రోజుల్లో అయితే చెప్పనక్కర్లేదు. బయట ఉన్న ఆడదాని గాలి సోకితే పాకం గడ్డకట్టదని మా పక్క గట్టి నమ్మకం. గానుగ వైపు తల తిప్పి చూసినా తప్పే.

అట్లాగని ఆ మూడు రోజులూ కాళ్ళు చాపుకుని కూర్చోవడం కాదు. వంట ముట్టకూడదు, నీళ్ళ కుండ ముట్టకూడదు, పాకం దగ్గరికి పోకూడదు. కలుపు మాత్రం తీయొచ్చు. పేడ ఎత్తొచ్చు. కొట్టిన చెరుకాకు మోపులు కట్టి మోయొచ్చు. నీడపట్టున చేసే పనులన్నిటికీ అంటు, నడుము విరిగే పని ఒక్కదానికీ అంటు లేదు. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు తెలియదు గానీ, కూలి మనుషులు దొరకని ఇంటివాడే రాసి ఉంటాడు.

మా అమ్మ ఈ శాస్త్రానికి సరిగ్గా అతికే మనిషి. నెలనెలా తనకు వచ్చేదీ పొయ్యేదీ ఆ గోడకు తెలియాల్సిందే తప్ప మనిషిని చూస్తే తెలిసేది కాదు. గీత గీసి, కొంగు బిగించి, కొడవలి తీసుకుని పోయేది. నన్ను కన్న పదిహేనో రోజే చెరుకు మోపు ఎత్తుకుందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అది నిజమే. ఆ మనిషి ఒంట్లో ఎముకలకు బదులు ఏముండేదో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నేనూ ఆమె కూతురినే. నాకూ నొప్పి తెలియదు. అందుకే నొప్పి అనేది పని ఎగ్గొట్టేవాళ్ళు కనిపెట్టిన జబ్బు అనుకునేదాన్ని.

వదినది కాళహస్తి పక్క. వరి మళ్ళు తప్ప చెరుకు తోట ఎరగదు. పనిలో మెత్తనిది కాదు, మామూలు రోజుల్లో అమ్మకు సమంగా చేసేది. బయట చేరిన రోజు మాత్రం మనిషి మారిపోయేది. పొట్ట పట్టుకుని రెండుగా మడుచుకుపోయి, గోడ ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చునేది.

అమ్మ చూసి, "లోకంలో నీకొక్కదానికే వచ్చిందా అమ్మీ? లేసి నాలుగు అడుగులు నడువు, అదే పోతుంది" అనేది. కోపంతో కాదు. తనకు అట్లాగే పోయేది మరి.

ఒకరోజు చెరుకాకు వలిచే ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. నాకు నోరు ఊరుకోలేదు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గాలిలో గోడ పట్టుకున్నట్టు పెట్టి, కాళ్ళు ఈడ్చుకుంటూ, కాళహస్తి యాసలో "అమ్మో, నేను పోతన్నానే" అని నడిచి చూపించాను. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఒకామె అయితే, "అబ్బ, అచ్చం నీ వదినే! మల్లా ఒగసారి నడువు పాపా" అంది. మళ్ళీ నడిచాను. తిరిగి చూస్తే వదిన వెనకే ఉంది, నెత్తిన మోపుతో. మోపు దించి పోయింది.

ఆ తరువాత వదిన నొప్పి అన్న మాట ఎత్తలేదు. గీత గీసి, కొంగు బిగించి, అమ్మ వెనకే కలుపుకు పోయేది. నాలుగో రోజు తలకు పోసుకుని ఠంచనుగా లోపలికి వచ్చేది. అమ్మ సంతోషించి, "సూసినావా, నడిస్తే పోతుందని సెప్పలా?" అంది. నా నాటకం మందులా పనిచేసిందని నేనూ లోలోపల ఎగిరిపడ్డాను.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు ఎండ ఎక్కే వేళకు పెనం పాకానికి వచ్చింది. బెల్లం వండే పెద్దాయన గరిటెడు పాకం తీసి నీళ్ళలో వేశాడు. ఉండ కట్టాల్సింది, జారిపోయింది. ఇంకాసేపు మండించి మళ్ళీ వేశాడు. మళ్ళీ జారింది. మూడోసారీ అంతే. ఆయన గరిటె పక్కన పెట్టి తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమప్పా, ఇంట్లో యెవురన్నా బయట ఉండి ఈ పక్క వచ్చినారా?" అని నాయనను అడిగాడు.

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. వదిన అప్పుడే మజ్జిగ చెంబు తెచ్చి గానుగ తోలేవాడికి పోసి నిలబడి ఉంది. మా అన్న పొయ్యిలోకి చెరుకు పిప్పి తోస్తున్నాడు. అవ్వ ఒక మూల మంచం మీద కూర్చుని వక్క దంచుకుంటోంది.

నేను ఊరుకోవచ్చు గదా! "నన్ను యాలా సూస్తారు? అవ్వ గోడ ఉండాది, పోయి సదువుకోండి" అన్నాను.

అమ్మ నిజంగానే పోయి చూసి వచ్చింది. "అంతా సరిగానే ఉండాది. నాదీ పాపదీ పోయిన వారమే అయిపోయింది. దీందా, మొన్ననే తలకు పోసుకునింది" అంది వదినను చూపించి.

"మొన్ననే అయిపోతే ఆకు వామి వెనక ఆరేసిన గుడ్డలు యెవురివి?" అన్నాను నేను.

పొద్దున అటు పోయినప్పుడు కనపడ్డాయి. అప్పుడు ఏమీ అనుకోలేదు. తెలివిగా పట్టేశాననే సంబరంలో మాట నోట్లోంచి జారిపోయింది. జారిన తరువాత వదిన మొహం చూశాను. ఆమె చేతిలో చెంబు ఒరిగిపోయి, మజ్జిగ కాళ్ళ మీద ఒలుకుతోంది. అంత తెల్లటి మొహం నేను అంతకుముందు చూడలేదు. రెండు నెలలుగా ఆమె నాలుగో రోజు అబద్ధపు స్నానం చేసి, ఇంకా ఆగని రక్తంతోనే లోపలికి వస్తోందని, నలుగురి కంట పడకుండా ఆ గుడ్డలు దాచుకుంటోందని నా మట్టిబుర్రకు అప్పుడు అర్థమైంది. ఎందుకు దాచిందో కూడా అర్థమైంది.

అందరూ వదిన వైపు తిరుగుతున్నారు. అంతలో రోటి చప్పుడు ఆగింది.

"ఆ గుడ్డలు నావి" అంది అవ్వ.

గానుగ ఎద్దులు కూడా ఆగిపోయినట్టు నాకు గుర్తు. బహుశా తోలేవాడు ఆపి ఉంటాడు.

"అమా, నీవా?" అన్నాడు నాయన.

"నావే. నేను బయట చేరినాను. నిన్న రేత్రి నుంచి. సెప్పడానికి సిగ్గయ్యి ఊరుకున్నాను. పెనం చెడింది నా వల్లనే."

అమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. లెక్క తేలాక, "అత్తా, నీకు ఆగిపొయ్యి ఇరవై ఏండ్లు దాటె గదా!" అంది.

"ఆగిందానికి మల్లా రాకూడదని నువ్వేమన్నా సెప్పి పంపించినావా?" అంది అవ్వ.

బెల్లం వండే పెద్దాయన పొయ్యి వైపు తిరిగిపోయాడు. గానుగ తోలేవాడు ఎద్దు కొమ్ములు శ్రద్ధగా చూడసాగాడు. మా నాయన నేల మీద ఏదో పోగొట్టుకున్నవాడిలా తల వంచుకున్నాడు. డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ తను బయట ఉన్నానంటే, కాదని రుజువు చూపించమనే మగవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

అవ్వ మంచం దిగి, నడుము పట్టుకుని మూలుగుతూ వసారా వైపు నడిచింది. ఆ నడక నాకు తెలుసు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గోడ కోసం గాలిలో. నేను వదిన మీద ఆడిన నాటకమే, నాకంటే బాగా చేసింది.

వసారాలో చేరి కేకేసింది: "ఏమ్మే, నాకు ఒళ్ళు బాగలేదు, తోడు ఒగరు ఉండల్ల. నన్ను తాకినోళ్ళు మల్లా లోపలికి రాకూడదు. ఆ పిల్లను పంపించు. దాని సేతులో పని ఇంగెవురన్నా సూసుకోండి."

అట్లా వదిన మూడు రోజులు ఎండ పొడ తగలకుండా పడుకుంది. నేను దూరం నుంచి ఇద్దరికీ సంగటి ముద్దలు విస్తరాకులో పెట్టి జరిపేదాన్ని. అవ్వ నా చేత ఇటుక కాల్పించి, గుడ్డ చుట్టి, "ఈడికి తోయి, నాకు కడుపు నొప్పిగా ఉండాది" అని అమ్మకు వినపడేలా అరిచేది. ఇటుక పోయి వదిన పొట్ట మీద కూర్చునేది.

మొదటి రోజు నేను ఆకు జరిపి పోకుండా అక్కడే నిలబడిపోయాను. వదినకు ఏదో చెప్పాలని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి అందులో ఏమీ లేదు.

"ఏం పాపా, పిల్లి ఎత్తుకుపోయిందా నీ నాలుకను?" అంది అవ్వ.

"తెలీక అన్నాను వదినా" అన్నాను.

వదిన గోడ వైపు చూస్తూ చెప్పింది. "నువ్వు నడిచి చూపించిన రోజు మీ అమ్మ కూడా నవ్వింది. ఆ రాత్రే మీ అన్నతో, ఈ ఏటి బెల్లం పెనాలు అయిపోయినాక దీన్ని పుట్టింటికి పంపిద్దాం, ఒళ్ళు బాగుపడితే తోలుకొస్తాం అంది. రెండేళ్ళయినా కడుపు పండలేదు. రోగిష్టిదని పంపినోళ్ళను మళ్ళా ఎవురు తోలుకొస్తారు? అందుకే మూడు గీతలు గీసుకుని లేసి వచ్చేదాన్ని."

"నీకు ముందే తెలుసా అవ్వా?" అని అడిగాను.

"తెలీకేం. నాలుగో దినం తలకు పోసుకుని బాయి గట్టు మీద నుంచి లేసేదానికి రెండు సేతులు ఆనిచ్చింది. ఇరవై ఏండ్ల పిల్ల! కంటి రెప్ప కింద సూస్తే సున్నం కొట్టినట్టు ఉండాది. ఏదో ఒగ దోవ దొరకల్లని సూస్తా ఉండాను. నీ పాడు నోరు దోవ సూపించె" అంది.

"పెనం చెడేదానికి వదినే కారణమా?" అన్నాను భయంగా.

అవ్వ ఇంకో ఇటుక కాల్చుకు రమ్మంది. గోడ మీద గీతలు సరిచేసే మనిషి కదా, ఆ నమ్మకం ఆమెకు లేదని నేను అనను. కానీ నమ్మకం ఒక పక్క, మనవడి పెళ్ళాం ఒక పక్క నిలబడితే ఆమె ఎటు వెళ్ళిందో నా కళ్ళతో చూశాను. తరువాత బెల్లం వండే పెద్దాయన నాయనతో చెప్పగా విన్నాను. ఆ రోజు ఆడించింది వానకు పడిపోయిన లోతు కయ్య చెరుకట, నీళ్ళు నిలిచిన పల్లపు మడిది, రసం పలచనట. మెరక చెరుకు ఆడిస్తే మర్నాడే గడ్డకట్టింది. ఊళ్ళో మాత్రం అవ్వ వసారాలో చేరబట్టే కట్టిందన్నారు. ఆ పేరు కూడా అవ్వ కిక్కురుమనకుండా మోసింది.

నాలుగో రోజు అవ్వ తలకు పోసుకుని, నాయనను పిలిచి, ఈ వయసులో ఇట్లా కావడం మంచిది కాదంట, చిత్తూరులో ఆడడాక్టరుకు చూపించుకుంటానంది. నాయన హడలిపోయి సరేనన్నాడు. వదిన నొప్పికి ఎవరూ బస్సు ఎక్కించి ఉండరు. ముసలితల్లికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ కదిలింది. తోడుకు వదిన. బోర్డులు చదివేదానికి అయిదో క్లాసు చదువుకున్న నేను. నా చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే.

బస్సు ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడల్లా జనం దిగి తోశారు. వదిన దిగబోతే అవ్వ రెక్క పట్టి కూర్చోబెట్టింది. "నాకు తల తిరగతా ఉండాది, నన్ను పట్టుకోవల్ల ఇది" అని కండక్టరుకు చెప్పింది.

ఆసుపత్రిలో ఆడడాక్టరు అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. అవ్వను కూర్చోమంది. అవ్వ వదినను ఆ స్టూలు మీదికి తోసింది.

"ఎన్ని నాళ్ళు పోతుందమ్మా?" అని అడిగింది డాక్టరు.

"మూడు" అంది వదిన.

"గోడ మీద మూడు. ఒంటి మీద తొమ్మిది" అంది అవ్వ.

డాక్టరు వదిన కంటిరెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు నొక్కి చూసింది, తెర వెనకకు తీసుకుపోయి పరీక్ష చేసింది. వచ్చి, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, ఇట్లాగే ఇంకొన్నాళ్ళు కలుపు తీస్తే ఒకరోజు కయ్యలోనే పడిపోయేదని చెప్పింది. పిల్లలు కలగరనే భయం అప్పుడే పెట్టుకోవద్దు, ముందు రక్తం పట్టనీ అంది. ఒక సీసా మందు రాసింది. ఆ రోజుల్లో పని చేయించకూడదంది. ఆకుకూర, రాగి తినాలంది. తరువాత కొంచెం ఆలోచించి, "బెల్లం కూడా మంచిది. మీ ఇంట్లో బెల్లం దొరుకుతుందా?" అని అడిగింది.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు అవ్వ నవ్వింది. తరువాత వదిన కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "నీకు నొప్పి ఉంటుందా?" అంది.

"ఉండదు" అన్నాను, పాత అలవాటు కొద్దీ కొంచెం గర్వంగానే.

"అది నీ అదృష్టం. నీ గొప్ప కాదు" అంది. అయ్యవారి బెత్తం దెబ్బలన్నీ మరిచిపోయాను గానీ ఆ మాట ఇంకా చురుక్కుమంటుంది.

ఇంటికి వచ్చాక మందు సీసా అవ్వ మూలలోనే ఉండేది. అవ్వ తాగుతోందని అందరూ అనుకున్నారు. ఆ మందు తాగితే పళ్ళు నల్లబడతాయి. అవ్వకు ఉన్న రెండు పళ్ళూ వక్కకు ఎప్పుడో నల్లబడ్డాయి కాబట్టి ఆమె మీద ఎవరికీ అనుమానం రాలేదు. వదిన బొగ్గుపొడితో తెల్లవారకముందే తోముకునేది.

ఇంకో పని చేసింది అవ్వ. పొద్దున్నే అందరూ సంగటికి కూర్చున్నప్పుడు, "బయట ఉండేవాళ్ళు కలుపు తీసినా, మోపు మోసినా చెరుకు ఎర్రబడిపోతాది. ఇంగమీద మన ఇంట్లో అది కూడదు" అని ప్రకటించింది.

అమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఈ శాస్త్రం యెప్పుడు వచ్చె అత్తా? ఇన్నాళ్ళు నేను తీయలేదా?"

"మా అత్త సెప్పింది నాకు. నీకు సెప్పేది మరిసిపోయినాను" అంది అవ్వ.

"ఇన్నేండ్లు మరిసిపోతివా?"

"ముసిల్దాన్నయిపోతి గదమ్మే" అంది అవ్వ, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క గీత మరిచిపోని మనిషి.

అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. పక్కింటివాళ్ళకు చెరుకు భయం పట్టుకుంది. ఆ ఏడు తిరిగేసరికి మా ఊళ్ళో సగం ఇళ్ళలో బయట ఉన్న ఆడవాళ్ళు నీడపట్టున కూర్చున్నారు.

పైనెల వదిన బయట చేరింది. ఒక గీత, రెండు, మూడు. నాలుగో రోజు పొద్దున బొగ్గు చేతిలో పట్టుకుని గోడ ముందు ఆగిపోయింది. అవ్వ అటు తిరిగి వక్క దంచుతోంది. అమ్మ అంబలి గిన్నెతో వచ్చి చూస్తోంది. వదిన నాలుగో గీత గీసింది. ఆ మర్నాడు కూడా అమ్మ అంబలితో వచ్చే వేళకు అయిదోది గీసింది. అది ఆ గోడ మీద ఎవరి వరసలోనూ లేని గీత. అమ్మ దగ్గరికి వచ్చి ఆ వరస లెక్కపెట్టింది. కొడుకును పిలుస్తుందేమో, పుట్టింటి మాట ఎత్తుతుందేమో అనుకున్నాను.

"అంబలి సల్లారిపోతుంది, తాగు అమ్మీ" అంది అమ్మ. గిన్నె పక్కన ఆకులో ఒక బెల్లం గడ్డ పెట్టి ఉంది. ఎవరు చెప్పారో, ఎంత తెలుసుకుందో నేను అడగలేదు. పోతూ పోతూ తన పై వరసలోని మూడు గీతల మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆనుకుని నిలబడి, పోయింది.

వదిన బెల్లం కొరుకుతూ నన్ను పిలిచింది. "ఏం పాపా, ఈ నెల నా నడక చూపించవా?"

"మరిసిపోయినాను వదినా" అన్నాను.

"అయితే నీ నడక నేను చూపిస్తా, చూడు" అని నేను అయ్యవారి మీద నాటకం ఆడుతూ నడిచే నడకను, ముక్కుపొడుంతో సహా, చాప మీద నుంచి లేవబోతూ మొదలుపెట్టింది.

రోటి చప్పుడు ఆగింది. "కూర్చో అమ్మే!" అని అవ్వ కసిరింది. "చెరుకు ఎర్రబడిపోతాది."